షియర్ స్ట్రెస్ లెక్కించడం ఎలా: ముందు కోత తలం, తరువాతే సూత్రం

రెండు ఇనుప పలకలను ఒకదాని మీద ఒకటి ఉంచి, మధ్యలో ఒక బోల్టు బిగించి, ఒక పలకను ఎడమకూ మరొకదాన్ని కుడికీ లాగుతున్నారనుకోండి. బలం మరీ ఎక్కువైతే ఆ బోల్టు పొడవునా సాగి తెగదు. రెండు పలకలూ ఒకదానినొకటి ఆనుకుని ఉన్న చోటే అడ్డంగా తెగుతుంది. కత్తెర రెండు అలుగులు ఒకదాని పక్కగా ఒకటి ఎదురెదురుగా జరుగుతూ కాగితాన్ని ఎలా తెంపుతాయో, ఆ పలకలు బోల్టును అలాగే తెంపుతాయి. వస్తువులోని ఒక తలానికి ఇవతలి భాగాన్ని ఒకవైపుకూ, అవతలి భాగాన్ని మరోవైపుకూ జరపాలని చూసే ఈ బలమే షియర్ ఫోర్స్, అంటే కోత బలం. ఆ తలం మీద ప్రతి చదరపు మిల్లీమీటరుకూ ఎంత కోత బలం పడుతోందో చెప్పే సంఖ్య షియర్ స్ట్రెస్.

నిర్వచనం ఇంత సులువైనా విద్యార్థులు ఈ లెక్కల్లో తడబడతారు. సూత్రం గుర్తులేక తడబడేవారు తక్కువ. ఏ తలం మీద కోత పడుతోందో చూసుకోకుండా చేతికందిన వైశాల్యంతో భాగించేసేవారే ఎక్కువ. అందుకే ఇక్కడ సూత్రాలను వెనక్కి నెట్టి, తలాన్ని వెతకడంతో మొదలుపెడుతున్నాను. మొదటి మూడు మెట్లూ ఏ లెక్కకైనా పనికొస్తాయి. ఆ తరువాత షాఫ్టులకూ దూలాలకూ వేర్వేరు దారులు ఉన్నాయి.

మొదటి మెట్టు: ఏది దేని మీద జారుతుందో చూడండి

లెక్క మొదలుపెట్టే ముందు బొమ్మ గీయండి. బొమ్మలో ప్రతి భాగాన్నీ విడదీసి, దాని మీద పడే బలాలను బాణాలతో గుర్తించండి. తరువాత మిమ్మల్ని మీరు ఒకే ఒక ప్రశ్న వేసుకోండి: ఇది ఇప్పుడు తెగిపోతే ఏ ముక్క ఎటు జారిపోతుంది, ఆ జారుడులో కొత్తగా బయటపడే ఉపరితలం ఏది? ఆ ఉపరితలమే కోత తలం. బలం దిశ ఆ తలంలోనే, అంటే తలానికి సమాంతరంగా ఉండాలి. బలం తలానికి లంబంగా ఉంటే అది లాగుడో నొక్కుడో అవుతుంది గాని కోత కాదు. బలం ఏటవాలుగా ఉంటే దాన్ని రెండు భాగాలుగా విడగొట్టి, తలం వెంట ఉన్న భాగాన్ని మాత్రమే షియర్ లెక్కలోకి తీసుకోవాలి.

పలకలో గుండ్రటి రంధ్రం పంచ్ చేయడం దీనికి మంచి ఉదాహరణ. 6 మిల్లీమీటర్ల మందం ఉన్న పలకలో 20 మిల్లీమీటర్ల వ్యాసం గల రంధ్రం కొట్టాలి. ఆ పలక లోహం తెగడానికి చదరపు మిల్లీమీటరుకు 300 న్యూటన్ల షియర్ స్ట్రెస్ కావాలని అనుకుందాం. చాలామంది వెంటనే రంధ్రపు వృత్త వైశాల్యాన్ని, అంటే 314 చదరపు మిల్లీమీటర్లను పట్టుకుంటారు. కాని పంచ్ కింద పడిపోయే బిళ్లను చేతిలోకి తీసుకుని చూడండి. అది పలక నుంచి విడిపోయినది దాని చుట్టూ ఉన్న అంచు వెంట. పైముఖమూ కిందిముఖమూ పలకకు మొదటి నుంచీ ఉన్నవే. కాబట్టి కోత వైశాల్యం చుట్టుకొలతను మందంతో గుణించినది: 3.1416 × 20 × 6 = 377 చదరపు మిల్లీమీటర్లు. కావలసిన బలం 377 × 300 = 1,13,100 న్యూటన్లు, అంటే సుమారు 113 కిలోన్యూటన్లు.

ఈ ఉదాహరణలో ఒక ప్రమాదం దాగి ఉంది. రంధ్రపు వ్యాసం పలక మందానికి సరిగ్గా నాలుగు రెట్లు ఉన్నప్పుడు వృత్త వైశాల్యమూ, అంచు వైశాల్యమూ సమానమవుతాయి. 6 మిల్లీమీటర్ల పలకలో 24 మిల్లీమీటర్ల రంధ్రానికి తప్పు దారిలో వెళ్లినా సరైన సమాధానమే వస్తుంది. అలా ఒకసారి సమాధానం కలిసిన విద్యార్థి ఆ తప్పు పద్ధతినే ఏళ్ల తరబడి నమ్ముకుంటాడు. అందుకే సమాధానం కలిసిందా అన్నదానికన్నా, తలం సరైనదేనా అన్నదాన్ని ముందు పరీక్షించమని గట్టిగా చెబుతాను.

రెండవ మెట్టు: కోత తలాలను లెక్కపెట్టి, వైశాల్యం కట్టండి

మొదట చెప్పుకున్న బోల్టు దగ్గరికి తిరిగి వద్దాం. బోల్టు వ్యాసం 16 మిల్లీమీటర్లు, లాగే బలం 20 కిలోన్యూటన్లు. బోల్టు తెగేది ఒకే తలం మీద కాబట్టి దీన్ని సింగిల్ షియర్ అంటారు. వైశాల్యం 0.7854 × 16 × 16 = 201 చదరపు మిల్లీమీటర్లు. ఇక సూత్రం:

షియర్ స్ట్రెస్ = షియర్ ఫోర్స్ ÷ కోత వైశాల్యం

20,000 ÷ 201 = చదరపు మిల్లీమీటరుకు 99.5 న్యూటన్లు. ఒక చదరపు మిల్లీమీటరుకు ఒక న్యూటన్ అంటే సరిగ్గా ఒక మెగాపాస్కల్ కాబట్టి, దీన్నే 99.5 మెగాపాస్కల్స్ అని కూడా రాయవచ్చు. ఇకమీదట స్ట్రెస్‌కు ఉత్త న్యూటన్లు అని రాసినచోట చదరపు మిల్లీమీటరుకు అని అర్థం చేసుకోండి. బలాన్ని న్యూటన్లలో, కొలతలను మిల్లీమీటర్లలో పెట్టుకుని లెక్క మొత్తం పూర్తిచేసే అలవాటు చేసుకోండి. మధ్యలో మీటర్లకు మారితే సున్నాలు తప్పిపోతాయి.

ఇప్పుడు ఒక పలక మధ్యలో, రెండు పలకలు దాని ఇరువైపులా ఉన్నాయనుకోండి. మధ్య పలకను బయటకు లాగితే అది జారిపోవడానికి బోల్టు రెండు చోట్ల తెగాలి. ఇది డబుల్ షియర్. అదే 20 కిలోన్యూటన్లను ఇప్పుడు రెండు తలాలు పంచుకుంటాయి; ఒక్కో తలం మీద చదరపు మిల్లీమీటరుకు 10,000 ÷ 201 = 49.7 న్యూటన్లే పడతాయి. బోల్టు మారలేదు, బలం మారలేదు. అమరిక మారగానే స్ట్రెస్ సగానికి పడిపోయింది. వైశాల్యాన్ని రెట్టింపు చేయడమో, బలాన్ని సగం చేయడమో ఏదో ఒకటి మాత్రమే చేయాలి. రెండూ చేస్తే జవాబు నాలుగో వంతుకు పడిపోతుంది.

కోత తలం బోల్టు నున్నటి భాగంలో పడుతోందా, థ్రెడ్ ఉన్న భాగంలో పడుతోందా అన్నది కూడా తప్పక చూడాలి. థ్రెడ్ కోసినచోట లోహం తక్కువ. 16 మిల్లీమీటర్ల ముతక థ్రెడ్ బోల్టుకు ప్రమాణాల పట్టికల్లో ఇచ్చే లెక్క వైశాల్యం 157 చదరపు మిల్లీమీటర్లు మాత్రమే. సింగిల్ షియర్‌లో ఆ తలం థ్రెడ్ మీద పడితే 20,000 ÷ 157 = 127 న్యూటన్లు. నున్నటి భాగాన్ని ఊహించుకుని 99.5 అని రాసుకున్నవారు అసలు స్ట్రెస్‌ను ఐదో వంతుకు పైగా తక్కువగా అంచనా వేసినట్టే.

బోల్టు నిలిచినా పలక చిరగవచ్చు. పలక చివరకు మరీ దగ్గరగా రంధ్రం పెడితే, బోల్టు ఆ చివరి ముక్కను రెండు సమాంతర గీతల వెంట చీల్చుకుని బయటకు వస్తుంది. అక్కడ కోత తలాలు రెండు. ఒక్కోదాని పొడవు రంధ్రపు అంచు నుంచి పలక చివరి దాకా ఉన్న దూరం, వెడల్పు పలక మందం. 8 మిల్లీమీటర్ల పలకలో 18 మిల్లీమీటర్ల రంధ్రపు కేంద్రం చివరకు 24 మిల్లీమీటర్ల దూరంలో ఉంటే, అంచు నుంచి దూరం 24 − 9 = 15 మిల్లీమీటర్లు, వైశాల్యం 2 × 15 × 8 = 240 చదరపు మిల్లీమీటర్లు, 20 కిలోన్యూటన్లకు స్ట్రెస్ 83 న్యూటన్లు.

ఫిల్లెట్ వెల్డ్, అంటే రెండు పలకలు కలిసే మూలలో త్రికోణంగా వేసే వెల్డ్, కూడా ఇదే దారిలో నడుస్తుంది. వెల్డ్ తెగేది దాని అత్యంత సన్నని తలం మీద కాబట్టి, త్రికోణపు భుజం పొడవును కాకుండా దానిలో 0.7 వంతు ఉండే థ్రోట్ మందాన్ని తీసుకోవాలి. 6 మిల్లీమీటర్ల వెల్డ్‌కు థ్రోట్ 4.2 మిల్లీమీటర్లు; ఇరువైపులా 100 మిల్లీమీటర్ల చొప్పున వేస్తే వైశాల్యం 840 చదరపు మిల్లీమీటర్లు.

మూడవ మెట్టు: వచ్చిన సంఖ్యను లోహం ఓపికతో పోల్చండి

127 అన్న సంఖ్య ఒంటరిగా ఏమీ చెప్పదు. ఆ లోహం ఎంతవరకు తట్టుకుంటుందో తెలిస్తేనే దానికి అర్థం వస్తుంది. పట్టికల్లో సాధారణంగా కనిపించేది లాగుడు పరీక్షలో తేలిన ఈల్డ్ స్ట్రెస్, అంటే లోహం లొంగి శాశ్వతంగా సాగడం మొదలయ్యే స్ట్రెస్. లోహం షియర్‌లో అంతకన్నా తక్కువకే లొంగిపోతుంది. ఉక్కు వంటి సాగే లోహాలకు ఫాన్ మీజెస్ సిద్ధాంతం ప్రకారం షియర్‌లో ఈల్డ్ లాగుడులోని ఈల్డ్‌కు 0.577 రెట్లు, ట్రెస్కా సిద్ధాంతం ప్రకారం సరిగ్గా సగం. రెండోది మరింత జాగ్రత్తగా ఉండే అంచనా.

మన బోల్టు తల మీద దాని బలాన్ని చెప్పే గుర్తు 4.6 అని ఉందనుకుందాం. మొదటి అంకెను 100తో గుణిస్తే తెగే స్ట్రెస్ 400 న్యూటన్లు; దాన్ని రెండో అంకెలో పదో వంతుతో, అంటే 0.6తో గుణిస్తే ఈల్డ్ 240 న్యూటన్లు. షియర్‌లో ఈల్డ్ 0.577 × 240 = 138 న్యూటన్లు. భద్రతా గుణకం 2 తీసుకుంటే అనుమతించదగినది 69 న్యూటన్లు. ఇప్పుడు పోల్చి చూడండి. థ్రెడ్ మీద సింగిల్ షియర్‌లో 127 వచ్చింది కాబట్టి ఈ అమరిక పనికిరాదు. 20 మిల్లీమీటర్ల బోల్టుకు లెక్క వైశాల్యం 245 కాబట్టి 82 వస్తుంది, అదీ చాలదు. 24 మిల్లీమీటర్ల బోల్టుకు 353 చదరపు మిల్లీమీటర్లు ఉంటాయి, స్ట్రెస్ 57కి దిగుతుంది, అది సరిపోతుంది. లేదా పాత 16 మిల్లీమీటర్ల బోల్టునే ఉంచి మరో పలక చేర్చి డబుల్ షియర్‌గా మారిస్తే 20,000 ÷ 314 = 64 వస్తుంది, అదీ సరిపోతుంది. బోల్టును లావు చేయడమా, అమరికను మార్చడమా అన్న నిర్ణయం ఇలా లెక్క ముందు పెట్టుకుని తీసుకోవాలి. నిజమైన నిర్మాణానికి మాత్రం ఆ నిర్మాణానికి వర్తించే కోడ్‌లోని, అంటే నిర్మాణ నియమావళిలోని గుణకాలే వాడాలి. ఇక్కడి 2 అన్నది లెక్క నేర్చుకోవడానికి తీసుకున్నది.

ఇంతవరకు మనం కట్టినది సగటు స్ట్రెస్. తలమంతటా బలం సమానంగా పరచుకుందని ఊహించి భాగించాం. పొట్టిగా, బిగుతుగా ఉండే బోల్టులకూ రివెట్లకూ పిన్నులకూ ఈ ఊహ చాలు, ఎందుకంటే లోహం కొద్దిగా లొంగగానే బలం తనంత తాను సర్దుకుంటుంది, వాటికి అనుమతించే స్ట్రెస్‌లు కూడా ఇదే సగటు లెక్క మీద పరీక్షించి తేల్చినవే. మెలితిరిగే షాఫ్టుకూ, వంగే దూలానికీ ఈ ఊహ పనికిరాదు.

మెలితిరిగే షాఫ్టు

గుండ్రటి కడ్డీని మెలితిప్పితే, పక్కపక్కన పేర్చిన నాణేల దొంతరలో ఒక్కో నాణెం పక్కదాని మీద కొద్దిగా తిరిగినట్టు ప్రతి అడ్డుకోతా పక్క అడ్డుకోత మీద తిరుగుతుంది. కేంద్రం దగ్గర జారుడు ఏమీ ఉండదు; అంచు దగ్గర అత్యధికం. కాబట్టి షియర్ స్ట్రెస్ కూడా కేంద్రంలో సున్నాతో మొదలై, వ్యాసార్ధంతో పాటు సరళరేఖలో పెరిగి, ఉపరితలం మీద గరిష్ఠానికి చేరుతుంది. నిండు గుండ్రటి షాఫ్టుకు గరిష్ఠ విలువ ఇలా వస్తుంది:

గరిష్ఠ షియర్ స్ట్రెస్ = 5.093 × టార్క్ ÷ వ్యాసపు ఘనం

ఈ 5.093 అన్నది 16ను 3.1416తో భాగించినది. టార్క్ అంటే షాఫ్టును మెలితిప్పే ప్రభావం; అది న్యూటన్ మిల్లీమీటర్లలో ఉండాలి. చాలాసార్లు మనకు టార్క్ నేరుగా తెలియదు. మోటారు శక్తీ, నిమిషానికి ఎన్ని చుట్లో తెలుస్తాయి. అప్పుడు వాట్లను 60తో గుణించి, 6.2832తోనూ చుట్ల సంఖ్యతోనూ భాగిస్తే న్యూటన్ మీటర్లలో టార్క్ వస్తుంది. దాన్ని 1000తో గుణించి న్యూటన్ మిల్లీమీటర్లుగా మార్చుకోవాలి.

15 కిలోవాట్ల మోటారు నిమిషానికి 1440 చుట్లు తిరుగుతోంది, షాఫ్టు వ్యాసం 30 మిల్లీమీటర్లు. టార్క్ 15,000 × 60 ÷ (6.2832 × 1440) = 99.5 న్యూటన్ మీటర్లు. గరిష్ఠ స్ట్రెస్ 5.093 × 99,500 ÷ 27,000 = సుమారు 18.8 న్యూటన్లు. ఇది తేలికైన భారమే. ఇప్పుడు అదే మోటారుకు గేరుబాక్సు తగిలించి వేగాన్ని పదో వంతుకు, అంటే 144 చుట్లకు తగ్గించారనుకోండి. నష్టాలు వదిలేస్తే శక్తి అంతే ఉంటుంది కాబట్టి టార్క్ పది రెట్లై 995 న్యూటన్ మీటర్లు అవుతుంది. అదే 30 మిల్లీమీటర్ల షాఫ్టు వాడితే స్ట్రెస్ 188కి ఎగబాకుతుంది. అనుమతించేది 40 న్యూటన్లే అనుకుంటే కావలసిన వ్యాసపు ఘనం 5.093 × 9,95,000 ÷ 40 = 1,26,700; ఘనమూలం 50.2 మిల్లీమీటర్లు. పైసైజు 55 మిల్లీమీటర్లు తీసుకుంటే స్ట్రెస్ సుమారు 30 న్యూటన్లకు దిగుతుంది. నెమ్మదిగా తిరిగే షాఫ్టు ఎప్పుడూ ఎందుకంత లావుగా ఉంటుందో ఈ లెక్క చూపిస్తుంది.

కేంద్రం దగ్గరి లోహం దాదాపు పనిచేయదు కాబట్టి దాన్ని తీసేయవచ్చు. 50 మిల్లీమీటర్ల షాఫ్టులో 30 మిల్లీమీటర్ల రంధ్రం తొలిస్తే బరువు 36 శాతం తగ్గుతుంది, ఎందుకంటే బరువు వ్యాసపు వర్గం మీద ఆధారపడుతుంది. మెలిపెట్టే బలానికి ఓర్చుకునే సామర్థ్యం మాత్రం నాలుగో ఘాతం మీద ఆధారపడుతుంది కాబట్టి, 0.6ను నాలుగుసార్లు గుణిస్తే వచ్చే 0.13 మేరకు, అంటే 13 శాతమే తగ్గుతుంది. బరువు మోయలేని యంత్రాల్లో గొట్టపు షాఫ్టులు వాడటానికి కారణం ఇదే.

ఒక హెచ్చరిక. ఈ సూత్రం గుండ్రటి అడ్డుకోతకు మాత్రమే వర్తిస్తుంది. చదరపు కడ్డీలో కేంద్రానికి అన్నిటికన్నా దూరంగా ఉండేవి మూలలు కాబట్టి అక్కడే స్ట్రెస్ గరిష్ఠమని ఎవరైనా అనుకుంటారు. ఫ్రెంచి ఇంజనీరు సాన్ వెనాన్ 19వ శతాబ్దం మధ్యలో చూపినదాని ప్రకారం మూలల్లో షియర్ స్ట్రెస్ సున్నా. గరిష్ఠం భుజాల మధ్యబిందువుల దగ్గర ఉంటుంది. చదరపు కడ్డీకి గరిష్ఠ స్ట్రెస్ టార్క్‌ను 4.81తో గుణించి భుజపు ఘనంతో భాగిస్తే వస్తుంది.

షాఫ్టూ పుల్లీ కలిసి తిరిగేలా వాటి మధ్య గాడిలో దిగగొట్టే చిన్న ముక్కను, అంటే కీని కూడా మరవకండి. 40 మిల్లీమీటర్ల షాఫ్టు 200 న్యూటన్ మీటర్ల టార్క్ మోస్తుంటే, కీ మీద పడే బలం టార్క్‌ను వ్యాసార్ధంతో భాగించినది: 2,00,000 ÷ 20 = 10,000 న్యూటన్లు. 12 మిల్లీమీటర్ల వెడల్పు, 50 మిల్లీమీటర్ల పొడవు ఉన్న కీకి కోత వైశాల్యం 600, స్ట్రెస్ 16.7 న్యూటన్లు. కీ ఎత్తు ఈ లెక్కలోకి రాదు. ఎందుకు రాదో చెప్పగలిగితే మొదటి మెట్టు మీకు పట్టుబడినట్టే.

వంగే దూలం

దూలంలో షియర్ నిలువుగా ఒక్కటే ఉంటుందనుకోవడం పొరపాటు. ఒక లావుపాటి పుస్తకాన్ని రెండు చివర్లా పట్టుకుని వంచండి. పుటల అంచులు ఏటవాలుగా జరిగిపోతాయి, ఎందుకంటే ప్రతి పుటా పక్క పుట మీద జారింది. పుటలన్నిటినీ జిగురుతో అతికితే జారుడు ఆగిపోతుంది, కాని జారాలన్న ప్రయత్నం ఆగదు. ఆ ప్రయత్నమే దూలంలో పొడవునా ఉండే షియర్ స్ట్రెస్. ఒక బిందువు దగ్గర నిలువు తలం మీద ఎంత షియర్ స్ట్రెస్ ఉందో, అదే బిందువు దగ్గర అడ్డ తలం మీదా సరిగ్గా అంతే ఉంటుంది. అలా లేకపోతే అక్కడున్న చిన్న ఘనం తనంత తాను గిరగిర తిరగాలి. అది తిరగడం లేదు కాబట్టి రెండూ సమానం.

ఈ పొడవునా ఉండే కోతను లెక్కలోకి తెచ్చిన ఘనత రష్యన్ ఇంజనీరు డిమిత్రి జురావ్‌స్కీది. 19వ శతాబ్దం మధ్యలో సెయింట్ పీటర్స్‌బర్గ్ మాస్కో రైలుమార్గపు కలప వంతెనల మీద ఆయన పనిచేశారు. కలప తన పీచు వెంట చాలా సులువుగా చీలుతుంది; లావైన దూలాలకు అసలు ముప్పు అక్కడే ఉందని ఆయన గుర్తించారు. ఆయన సూత్రాన్ని మాటల్లో చెబితే ఇలా ఉంటుంది:

షియర్ స్ట్రెస్ = షియర్ ఫోర్స్ × మొదటి భ్రామకం ÷ (జడత్వ భ్రామకం × ఆ ఎత్తులో వెడల్పు)

మొదటి భ్రామకం అంటే, మీరు చూస్తున్న గీతకు పైన ఉన్న వైశాల్యాన్ని, ఆ వైశాల్యపు కేంద్రం దూలం తటస్థ అక్షానికి, అంటే వంగినప్పుడు లాగుడూ నొక్కుడూ రెండూ పడని గీతకు, ఎంత దూరంలో ఉందో దానితో గుణించినది. అడ్డుకోత ఆకారం వంపును ఎంత అడ్డుకుంటుందో చెప్పే జడత్వ భ్రామకాన్ని మాత్రం అడ్డుకోత మొత్తానికి తీసుకోవాలి. ఈ రెండిటినీ కలగలపడం ఇక్కడ జరిగే ప్రధానమైన తప్పు.

ఒక ఉదాహరణ చేద్దాం. 100 మిల్లీమీటర్ల వెడల్పు, 200 మిల్లీమీటర్ల లోతు ఉన్న కలప దూలం 3 మీటర్ల దూరంలో ఉన్న రెండు ఆధారాల మీద ఉంది. మీటరుకు 8 కిలోన్యూటన్ల భారం పొడవునా సమానంగా పరచుకుంది. మొత్తం భారం 24 కిలోన్యూటన్లు, ఒక్కో ఆధారం దగ్గర షియర్ ఫోర్స్ 12 కిలోన్యూటన్లు. తటస్థ అక్షానికి పైనున్న వైశాల్యం 100 × 100, దాని కేంద్రం అక్షానికి 50 మిల్లీమీటర్ల దూరంలో ఉంది కాబట్టి మొదటి భ్రామకం 5,00,000. జడత్వ భ్రామకం 100 × 200 × 200 × 200 ÷ 12, అంటే సుమారు 6,66,66,667. ఇప్పుడు 12,000 × 5,00,000ను 6,66,66,667 × 100తో భాగిస్తే 0.9 న్యూటన్లు వస్తుంది. సగటు స్ట్రెస్ 12,000 ÷ 20,000 = 0.6 మాత్రమే. దీర్ఘచతురస్రపు అడ్డుకోతకు గరిష్ఠం ఎప్పుడూ సగటుకు ఒకటిన్నర రెట్లు. నిండు వృత్తానికి మూడింట నాలుగు రెట్లు, అంటే 1.33, పలచని గొట్టానికి రెండు రెట్లు. అక్షానికి 50 మిల్లీమీటర్ల పైన ఇదే లెక్క చేస్తే మొదటి భ్రామకం 100 × 50 × 75 = 3,75,000, స్ట్రెస్ 0.675. పై అంచు దగ్గర సున్నా. అంటే వంపు వల్ల వచ్చే స్ట్రెస్ అంచుల్లో గరిష్ఠమై మధ్యలో సున్నా అయితే, షియర్ స్ట్రెస్ సరిగ్గా దానికి తలకిందులుగా ఉంటుంది.

0.9 చూసి ఇది ఏపాటి అని తీసిపారేయకండి. ఇదే దూలంలో వంపు వల్ల గరిష్ఠ స్ట్రెస్ 13.5 న్యూటన్లు, దాని ముందు 0.9 చిన్నదే. కాని కలప పీచు వెంట కోతకు అనుమతించే స్ట్రెస్ కూడా ఆ ఒక్క న్యూటన్ దరిదాపుల్లోనే ఉంటుంది. గమనించండి, 0.9 అన్నది 13.5లో పదిహేనో వంతు. దూలం లోతు 200 కూడా 3000 మిల్లీమీటర్ల పొడవులో పదిహేనో వంతే. ఇది కాకతాళీయం కాదు. సమభారం మోసే దీర్ఘచతురస్రపు సాధారణ దూలంలో గరిష్ఠ షియర్ స్ట్రెస్‌కూ గరిష్ఠ వంపు స్ట్రెస్‌కూ మధ్య నిష్పత్తి, లోతుకూ పొడవుకూ మధ్య ఉన్న నిష్పత్తే. పొడవాటి సన్నని దూలంలో వంపును చూసుకుంటే చాలా వరకు చాలుతుంది. పొట్టిగా లోతుగా ఉన్న దూలంలో మాత్రం షియర్‌దే పైచేయి కావచ్చు. నాకు ఈ విషయం మొత్తంలో ఇంతకన్నా ఉపయోగపడిన ఒక్క వాక్యం మరొకటి లేదు.

ఇదే దూలాన్ని 100 మిల్లీమీటర్ల చదరపు కలపలు రెండు ఒకదాని మీద ఒకటి పెట్టి చేస్తే, అతుకు సరిగ్గా తటస్థ అక్షం మీద పడుతుంది. అక్కడ దూలం పొడవులో ప్రతి మిల్లీమీటరుకూ 0.9 × 100 = 90 న్యూటన్ల జారుడు బలం ఉంటుంది. ఒక్కో బోల్టు 4500 న్యూటన్లు మోయగలిగితే ఆధారాల దగ్గర 50 మిల్లీమీటర్లకు ఒకటి చొప్పున కావాలి. మధ్యకు వెళ్లేకొద్దీ షియర్ ఫోర్స్ తగ్గుతుంది కాబట్టి ఎడం పెంచవచ్చు. బోల్టులే లేకుండా ఊరికే పేర్చితే ఆ రెండు కలపలూ విడివిడిగా వంగుతాయి. అప్పుడు బలం ఒకే ముక్క దూలంతో పోలిస్తే సగానికీ, గట్టిదనం నాలుగో వంతుకూ పడిపోతాయి.

ఉక్కు ఐ ఆకారపు దూలానికి ఇంత శ్రమ అక్కర్లేదు. పైనా కిందా ఉన్న వెడల్పాటి భాగాలు వంపును మోస్తే, మధ్యలోని సన్నని గోడ దాదాపు షియర్ అంతా మోస్తుంది. అందుకని షియర్ ఫోర్స్‌ను దూలం మొత్తం లోతు, గోడ మందం గుణిస్తే వచ్చే వైశాల్యంతో భాగిస్తే ఆచరణకు చాలినంత సరైన విలువ వస్తుంది. 300 మిల్లీమీటర్ల లోతు, 7.5 మిల్లీమీటర్ల గోడ, 150 కిలోన్యూటన్ల బలం ఉంటే 1,50,000 ÷ 2250 = 66.7 న్యూటన్లు.

చివరిగా చూడవలసినది: 45 డిగ్రీల తలం

కోత తలం మీద షియర్ స్ట్రెస్ ఒక్కటే ఉన్నా, దానికి 45 డిగ్రీలు ఏటవాలుగా ఉన్న తలాల మీద అంతే పరిమాణంలో ఒకవైపు లాగుడూ మరోవైపు నొక్కుడూ ఉంటాయి. సుద్దముక్కను రెండు చేతులతో మెలితిప్పి చూడండి. అది అడ్డంగా తెగదు. చుట్టూ తిరిగే ఏటవాలు గీత వెంట విరుగుతుంది, ఎందుకంటే సుద్ద లాగుడుకు బలహీనం. మెత్తని ఉక్కు కడ్డీ మెలితిప్పితే అడ్డంగా, చదునుగా తెగుతుంది, ఎందుకంటే అది కోతకు బలహీనం. కాబట్టి పెళుసు పదార్థానికి షియర్ లెక్క కట్టినప్పుడు, వచ్చిన సంఖ్యను దాని లాగుడు బలంతో కూడా పోల్చాలి.

కాంక్రీటు దూలాల్లో ఆధారాల దగ్గర కనిపించే ఏటవాలు పగుళ్లకు మూలం ఇదే. 1955 ఆగస్టులో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో వైమానిక దళపు గిడ్డంగి పైకప్పులో కొంత భాగం కూలింది. అక్కడి కాంక్రీటు దూలాలు తెగినచోట షియర్‌ను అడ్డుకునే నిలువు కడ్డీలు, అంటే స్టిరప్‌లు లేవు. పెద్ద భారమేదీ పడకుండానే, ప్రధానంగా సొంత బరువు కిందే అవి విఫలమయ్యాయి. కాంక్రీటు కుదించుకుపోతున్నప్పుడు పుట్టిన లాగుడు వాటి షియర్ సామర్థ్యాన్ని మరింత తగ్గించింది. ఆ తరువాత అమెరికన్ కాంక్రీటు కోడ్‌లో షియర్ నియమాలను కఠినం చేశారు. వంపులో విఫలమయ్యే దూలం ముందు కిందికి కుంగి, పగుళ్లు చూపించి హెచ్చరిస్తుంది. షియర్‌లో విఫలమయ్యే దూలం అలాంటి హెచ్చరిక ఇవ్వకుండా ఒక్కసారిగా తెగుతుంది. అందువల్ల కాంక్రీటు దూలం లెక్క చేసేటప్పుడు వంపు కడ్డీలు తేలగానే కాగితం మూసేయకండి. ఆధారం దగ్గరి అడ్డుకోతను తీసుకుని, అక్కడి షియర్ ఫోర్స్‌ను వెడల్పు, పనిచేసే లోతు (నొక్కుడు పడే అంచు నుంచి లాగుడు మోసే కడ్డీల దాకా ఉన్న లోతు) గుణిస్తే వచ్చే వైశాల్యంతో భాగించి, ఆ స్ట్రెస్‌లో కాంక్రీటు ఎంత మోస్తుందో, మిగిలినదానికి స్టిరప్‌లు ఎంత ఎడంలో కావాలో తేల్చిన తరువాతే ఆ దూలాన్ని పూర్తయినట్టు రాసుకోండి.